అమెరికా, చైనా, యూరప్, దుబాయ్: డెల్టా సరుకుతో వెళ్లేవాళ్లకు ఎవరి రాజకీయం మేలు?

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు రొయ్యల ఎగుమతి మాట ఎత్తితే అందరూ అడిగేవి రెండే. అక్కడ రేటెంత పలుకుతోంది, పేమెంట్ ఎన్నాళ్లకు వస్తుంది. ఆ దేశంలో సుంకం పెంచాలంటే ఎవరి సంతకం కావాలి, పెంచితే మనం ఎవరి దగ్గరకు వెళ్లి మొరపెట్టుకోవాలి అన్న ప్రశ్నలు మాత్రం సరుకు ఓడెక్కి గొడవ మొదలయ్యాక గానీ గుర్తుకురావు. 2025 ఆగస్టులో ఈ సంగతి డెల్టా అంతటికీ తెలిసొచ్చింది. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడగానే ఇక్కడ కౌంట్ రేట్లు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి పలికే ధరలు) పడ్డాయి, పట్టుబడికి వచ్చిన చెరువు దగ్గర రైతు ఇవాళ పట్టాలా, ఇంకో వారం మేత వేసి ఆగాలా అని టెన్షన్ పడ్డాడు. ఆ సంతకానికి చెప్పిన కారణం మన దేశం రష్యా దగ్గర చమురు కొంటోందని. రొయ్యకూ చమురుకూ సంబంధం లేదు, కానీ రాజకీయానికి రెండూ ఒకటే.

ఎగుమతి కాగితాల పనిలో ఉన్నాను కాబట్టి, కొత్తగా వచ్చే కుర్రాళ్లు "ఏ దేశం మంచిదండీ?" అని నన్ను అడుగుతుంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదాన్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ప్రజాస్వామ్యం గొప్పదా, ఏకపార్టీ పాలన గొప్పదా అన్న చర్చ పౌరుడిగా నాకు చాలా ముఖ్యమే గానీ ఇక్కడ అది పక్కన పెడతాను. బయటి నుంచి సరుకు పట్టుకుని వచ్చినవాడికి, ఆఫీసు తెరవబోయేవాడికి ఆ దేశపు పాలన ఎలా తగులుతుంది అనేదే చూస్తాను. నా కొలబద్ద ఒకటే: లోపలికి వెళ్లడం ఎంత తేలిక అని కాకుండా, నిర్ణయం మనకు ఎదురుతిరిగిన రోజున ఎంత గడువు దొరుకుతుంది, ఎవరి తలుపు తట్టొచ్చు అని.

ముందు అమెరికా, ఎందుకంటే మన డబ్బు ఎక్కువగా అక్కడుంది. 2024-25లో దేశం మొత్తం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 62 వేల కోట్ల రూపాయల పైచిలుకు. అందులో అమెరికా కొన్నది 271 కోట్ల డాలర్లు, రెండో స్థానంలో ఉన్న చైనా కొన్నది దాదాపు 127 కోట్ల డాలర్లు. రొయ్య వరకు చూస్తే ఆ ఎగుమతిలో సింహభాగం మన రాష్ట్రానిదే.

అమెరికాలో బయటి వ్యాపారిని తాకే రాజకీయం రెండు పొరలుగా ఉంటుంది. మొదటిది నెమ్మదైన పొర. లూసియానా, మిసిసిపీ తీరంలో వల వేసుకునే వాళ్లు కూడా ఒక సంఘంగా ఏర్పడి, లాయర్‌ని పెట్టుకుని, "ఇండియా రొయ్య చవగ్గా వచ్చి మా పొట్ట కొడుతోంది" అని వాణిజ్య శాఖకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2003 ఆఖరి రోజున అదే చేశారు, 2005 ఫిబ్రవరికల్లా ఇండియా, చైనా, థాయ్‌లాండ్, వియత్నాం, బ్రెజిల్, ఈక్వడార్ రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు సరుకు దింపుతున్నారని వేసేది) పడింది. దానికి తోడు, వసూలైన సుంకాన్ని ఫిర్యాదు చేసినవాళ్లకే పంచిపెట్టే బర్డ్ సవరణ అనే చట్టం అప్పుడు అమల్లో ఉంది. అంటే మన దగ్గర వసూలు చేసిన డబ్బు తీసుకెళ్లి మన పోటీదారుడి చేతిలో పెట్టారన్నమాట. ఓట్లున్న చోట నాయకులు తమ ఓటరు మాట వింటారు, మనకు అక్కడ ఓటు లేదు. 2023 అక్టోబర్‌లో అక్కడి రొయ్య ప్రాసెసర్ల సంఘం మళ్లీ మన ప్రభుత్వ రాయితీల మీద ఇంకో కేసు వేస్తే 2024 డిసెంబర్‌కల్లా మనవాళ్లలో చాలామందికి 5.77 శాతం దగ్గర, రాయితీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వైలింగ్ సుంకం ఖాయమైంది. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరే. లూసియానాలో అయితే దిగుమతి రొయ్య వడ్డించే హోటల్ ఆ సంగతి కస్టమర్‌కు తెలిసేలా రాసి పెట్టాలని 2019 నుంచి చట్టమే ఉంది.

అయినా ఈ నెమ్మదైన పొరతో బతకొచ్చు అంటాను, ఎందుకంటే ఇందులో తేదీలున్నాయి. ఫిర్యాదు పడిన రోజు నుంచి తుది సుంకం దాకా ఏడాది పైగా పడుతుంది. ప్రశ్నపత్రాలు వస్తాయి, లెక్కలు అడుగుతారు, విచారణలో మన సంఘం తరఫు లాయర్ నిలబడి మాట్లాడతాడు, ఏటేటా సమీక్షలో రేటు తగ్గే అవకాశం కూడా ఉంటుంది. బర్డ్ సవరణ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఓడిపోయింది, 2006లో అమెరికా కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది. తాబేళ్లు వలలో పడకుండా వాడే పరికరం విషయంలో 1996లో మన దేశం, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ అమెరికా మీద కేసు వేసి, 1998లో ఆ చట్టం అమలు చేసిన తీరు వివక్షతో ఉందని నిరూపించాయి కూడా. (ఆ తాబేలు నిబంధన మాత్రం చావలేదు, సముద్రంలో పట్టిన మన రొయ్యకు 2019 నుంచి అదే కారణంతో అమెరికా దారి మూసుకుంది. చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్యకు అది వర్తించదు కాబట్టి మనం గట్టెక్కాం.) ఒక ఇబ్బంది మాత్రం కొత్తవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. అక్కడ యాంటీ డంపింగ్ సుంకం ముందు డిపాజిట్‌గా కట్టించుకుంటారు, అసలు రేటు తరువాత సమీక్షలో తేలుతుంది. సరుకు అమ్మేసి, లాభం లెక్క వేసుకుని, ఆ డబ్బుతో కొత్త చెరువులకు అడ్వాన్సులు ఇచ్చేశాక బిల్లు రావొచ్చు. మీ పేరు మీదే అక్కడ దిగుమతి చేసుకునే పద్ధతిలో ఉంటే ఆ బిల్లు మీకే వస్తుంది.

రెండో పొర 2025లో చూశాం. ఏప్రిల్ 2న అధ్యక్షుడు ట్రంప్ ఇండియా మీద 26 శాతం అన్నాడు, వారం తిరక్కుండానే దాన్ని ఆపి 10 శాతం దగ్గర ఉంచాడు, ఆగస్టు 7న 25 అయింది, 27న ఇంకో 25 కలిసి 50 అయింది. దానికి పైన పాత యాంటీ డంపింగ్, కౌంటర్‌వైలింగ్ సుంకాలు ఉండనే ఉన్నాయి. ఇదంతా 1977 నాటి అత్యవసర అధికారాల చట్టం కింద, కాంగ్రెస్‌లో ఓటింగ్ లేకుండా జరిగిపోయింది. ప్రజాస్వామ్య దేశం కాబట్టి నిదానంగా మారుతుందిలే అనుకుని మొత్తం ప్లాంటునే అమెరికా కౌంట్లకు, అమెరికా ప్యాకింగ్‌కు కట్టేసుకున్నవాళ్లకు గట్టి దెబ్బ తగిలింది.

కానీ ఆ గందరగోళంలో కూడా రెండు సంగతులు చూడండి. ఆగస్టు 27 లోపు ఓడెక్కి సెప్టెంబర్ 17 లోపు అమెరికా చేరిన సరుకుకు ఆ అదనపు 25 శాతం పడలేదు. అంటే దారిలో ఉన్న కంటైనర్ గురించి ఎవరో ఆలోచించి ఆదేశంలోనే రాశారు. రెండోది, న్యూయార్క్‌లో వైన్ దిగుమతి చేసుకునే ఒక చిన్న కంపెనీ మరికొన్ని చిన్న వ్యాపారాలతో కలిసి దేశాధ్యక్షుడి మీదే కేసు వేసింది. మే 28న వాణిజ్య కోర్టు సుంకాలు చెల్లవంది, ఆగస్టు 29న అప్పీలు కోర్టు 7–4తో ఔనంది, నవంబర్ 5న సుప్రీంకోర్టు వాదనలు విన్నది. కేసులో గెలుపోటముల సంగతి అటుంచితే, ఒక చిన్న దిగుమతిదారు అధ్యక్షుణ్ణి కోర్టుకు పిలవగలిగే దేశంలో వ్యాపారం చెయ్యడానికీ, ఆ ఊహే రాని దేశంలో చెయ్యడానికీ తేడా చాలా ఉంది.

ఇప్పుడు ఆ ఊహ రాని దేశం. చైనాలో ప్రవేశం అనేది పై నుంచి కావాలనుకుంటే ఎంత వేగంగా జరుగుతుందో టెస్లా చూపించింది. 2019 జనవరిలో షాంఘైలో భూమిపూజ లాంటిది చేసి అదే ఏడాది డిసెంబర్‌లో కార్లు బయటకు పంపింది. అంతకు ముందు దాకా బయటి కార్ల కంపెనీ స్థానిక భాగస్వామితో సగం సగం పంచుకోవాల్సిందే, టెస్లాకు ఆ నిబంధన సడలించారు. మన దగ్గర ఆ టైములో భూసేకరణ నోటీసు కూడా పూర్తిగా బయటకు రాదు, ఇది ఒప్పుకోవాలి. రొయ్య విషయంలో కూడా అక్కడ మన మీద కేసు వేసే మత్స్యకారుల సంఘం ఏదీ లేదు. తింటారు, కొంటారు, పెద్ద కౌంటూ చిన్న కౌంటూ తేడా లేకుండా అడుగుతారు. తలతో ఉన్న రొయ్య కూడా వెళ్తుంది కాబట్టి మన ప్లాంట్లలో ఒలిచే ఖర్చు తగ్గుతుంది. కోనసీమ కొబ్బరి పీచుకు కూడా చైనాయే పెద్ద కొనుగోలుదారు.

మరి తలుపు ఎలా మూస్తారు? నిషేధం అని పెద్దగా ప్రకటించక్కర్లేదు. 2022 జనవరి 1 నుంచి అక్కడికి ఆహారం పంపే ప్రతి విదేశీ ప్లాంటూ చైనా కస్టమ్స్ దగ్గర రిజిస్టర్ కావాలి. ఆ జాబితాలో మీ నంబర్ పక్కన ఒక మాట మారితే చాలు, సరుకు దిగదు. అంతకు ముందు కోవిడ్ రోజుల్లో మన ప్లాంట్లు, ఈక్వడార్ ప్లాంట్లు ఇది అనుభవించాయి. ప్యాకింగ్ మీద వైరస్ ఆనవాలు దొరికిందని మొదటి రెండుసార్లు వారం చొప్పున, మూడోసారికి నాలుగు వారాలు సస్పెన్షన్. మా శాంపిల్‌ను మేం కూడా పరీక్ష చేయిస్తాం అని అడిగే వేదిక దొరకలేదు. పోర్టులో కంటైనర్ ఉంటే రోజువారీ ప్లగ్ చార్జీలు (కంటైనర్‌ను చల్లగా ఉంచే కరెంటు ఖర్చు) మాత్రం పడుతూనే ఉంటాయి.

ఇంకో దారి ఉండేది, పాత ఎగుమతిదారులకు బాగా తెలుసు. మన రొయ్య చాలాకాలం వియత్నాంలోని హైఫాంగ్‌కు వెళ్లి, అక్కడి నుంచి సరిహద్దు దాటి చైనాలోకి పోయేది. కాగితాల మీద వియత్నాం, తినేది చైనా. అక్కడి అధికారులు చూసీచూడనట్టు ఉన్నన్నాళ్లు అది రాజమార్గంలా కనిపించింది. 2018-19 ప్రాంతంలో చైనా ఆ అడ్డదారి మీద పట్టు బిగించగానే వియత్నాం ఆర్డర్లు కుదేలయ్యాయి, నేరుగా చైనాకు వెళ్లే సరుకు ఒక్కసారిగా పెరిగింది. చూసీచూడనట్టు ఉండటం మీద కట్టుకున్న వ్యాపారానికి గడువు ఎవరూ ఇవ్వరు.

నిజమైన భయం మాత్రం సరుకుతో సంబంధం లేని కారణాలది. 2010లో నోబెల్ శాంతి బహుమతి చైనా అసమ్మతివాది లియు షియావోబోకు వచ్చింది. ఇచ్చింది నార్వేలోని ఒక కమిటీ, ఆ దేశ ప్రభుత్వం కూడా కాదు. దెబ్బ తిన్నది నార్వే సాల్మన్ చేప. ఎక్కడా నిషేధం అనలేదు, పరీక్షలు పెరిగాయి, లైసెన్సులు ఆలస్యమయ్యాయి, చేప పాడైంది. 2016 డిసెంబర్‌లో రెండు దేశాలూ సర్దుకునేదాకా అదే తీరు. ఆస్ట్రేలియా 2020లో కోవిడ్ ఎక్కడ పుట్టిందో విచారణ జరగాలంది, ఆ ఏడాదే బార్లీ మీద 80 శాతం దాటిన సుంకం, నవంబర్‌లో షాంఘై విమానాశ్రయంలో బతికున్న లాబ్‌స్టర్లకు క్లియరెన్స్ ఆగిపోవడం, తరువాత వైన్ మీద 200 శాతం పైచిలుకు. లాబ్‌స్టర్‌కు మళ్లీ దారి తెరుచుకుంది 2024 డిసెంబర్‌లో. దక్షిణ కొరియాకు చెందిన లొట్టే గ్రూపు తన గోల్ఫ్ మైదానాన్ని క్షిపణి రక్షణ వ్యవస్థ కోసం సొంత ప్రభుత్వానికి ఇచ్చిందని, 2017లో చైనాలో దాని సూపర్ మార్కెట్లకు వరసగా అగ్నిమాపక తనిఖీలు పెట్టి మూయించారు, ఏడాదికి ఆ కంపెనీ దుకాణాలు అమ్ముకుని బయటపడింది. జపాన్ చేప మీద 2023 ఆగస్టు 24న పడిన నిషేధం కూడా మీకు గుర్తుండే ఉంటుంది, ఫుకుషిమా నీళ్లు సముద్రంలోకి వదలడం మొదలైన రోజే.

ఇక మన సంగతి. 2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ, ఆ నెల 29న మనం 59 చైనా యాప్‌లు నిషేధించాం. దేశ భద్రత దృష్ట్యా మన ప్రభుత్వానికి ఆ హక్కు ఉంది, నాకు అభ్యంతరం లేదు. కానీ అలాంటి నెలలో చైనాకు పెద్ద మొత్తంలో అప్పు మీద సరుకు పంపినవాడికి నిద్ర ఎలా పడుతుంది?

చైనాను పూర్తిగా వద్దనను. వాళ్లు ఒక రంగాన్ని పెంచాలని పంచవర్ష ప్రణాళికలో రాసుకుంటే దాన్ని గట్టిగా చేస్తారు, మీ సరుకు ఆ దిశలో ఉంటే ఎదుగుదల కళ్ల ముందే కనిపిస్తుంది. కాకపోతే ఆ వేగం రెండు వైపులా ఒకటే అని తెలిసి వెళ్లాలి.

యూరప్ గురించి మనవాళ్లకు పెద్ద విసుగు ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి. 2016 నుంచి మన చెరువు రొయ్య కంటైనర్లలో 50 శాతం వాళ్ల సరిహద్దులో పరీక్షకు పోతాయి, అంతకు ముందు 10 శాతమే ఉండేది. యాంటీబయోటిక్ ఆనవాలు దొరికితే సరుకు వెనక్కి వచ్చేస్తుంది, ప్లాంటు పేరు హెచ్చరికల వ్యవస్థలోకి ఎక్కుతుంది. ఫారాలు, ట్రేసబిలిటీ (సరుకు ఏ చెరువు నుంచి వచ్చిందో చూపే ఆధారం), చెరువు నమోదు నంబర్, హ్యాచరీ వివరం, మేత బిల్లు... ఒక చిన్న రైతు దగ్గర ఇవన్నీ రాబట్టాలంటే మనిషి తిరగాల్సిందే. 27 దేశాలు కలిసి ఒక నిర్ణయానికి రావాలి కాబట్టి ప్రతీదీ నత్తనడకే.

నాకు ఆ నత్తనడకే నచ్చుతుంది. ఒక ఉదాహరణ. పశువులకు, చేపలకు ఎదుగుదల కోసం యాంటీబయోటిక్స్ వాడిన దిగుమతులను ఆపాలని యూరప్ 2019లోనే చట్టం చేసింది. బయటి దేశాల సరుకుకు అది వర్తించే తేదీ 2026 సెప్టెంబర్ 3. అంటే ఏడేళ్లు. ఈ ఏడేళ్లలో మేత కంపెనీ మార్చుకోవచ్చు, రైతులతో ఒప్పందం రాసుకోవచ్చు, ల్యాబ్ పెట్టుకోవచ్చు. అడవులు నరికిన భూమిలో పండిన సరుకు వద్దన్న చట్టం 2023లో వచ్చి, 2024 ఆఖరుకు అమలు కావాల్సి ఉండగా వాయిదా పడింది, ఆ తరువాత మళ్లీ వాయిదా పడింది. అక్కడ కమిషన్ ప్రతిపాదించాలి, పార్లమెంటు ఒప్పుకోవాలి, దేశాల మంత్రుల మండలి ఒప్పుకోవాలి. ఏ ఒక్క నాయకుడికీ రాత్రికి రాత్రి మన రొయ్య మీద కోపం వచ్చి సుంకం రెట్టింపు చేసే వీలు ఆ నిర్మాణంలోనే లేదు. నిబంధన కఠినంగా ఉంటుంది, కానీ ఆ కఠినత్వం రాతపూర్వకంగా, ముందుగా, అందరికీ ఒకేలా ఉంటుంది. కష్టపడి అందుకుంటే మీదే. 2025 సెప్టెంబర్‌లో, అమెరికా సుంకాలతో ఇక్కడ గగ్గోలు పెడుతున్న సమయంలోనే, యూరప్ మన దేశంలో ఇంకో 102 ప్లాంట్లకు అనుమతి ఇచ్చింది. ముందు నుంచీ కాగితాలు సర్దుకున్న ప్లాంట్లకు ఆ నెలలో అది ఎంత పెద్ద ఊరటో చెప్పలేను.

దుబాయ్ సంగతి కొంచెం వేరు. కోనసీమలో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు లేని ఊరు ఉండదు కాబట్టి మనకు అది పరాయి దేశంలా అనిపించదు. అక్కడ పాలకులు వంశపారంపర్యం, ఎన్నికల హడావుడి లేదు, వ్యాపారమే వాళ్ల రాజకీయం. 1985 నుంచి జెబెల్ అలీ ఫ్రీజోన్‌లో నూటికి నూరు శాతం వాటా మనదే ఉంచుకోవచ్చు. బయట మాత్రం 51 శాతం స్థానికుడి పేరు మీద ఉండాలన్న నిబంధన చాలాకాలం ఉండేది, దాన్ని 2021 జూన్ నుంచి చాలా రకాల వ్యాపారాలకు ఎత్తేశారు. 2022 మే 1 నుంచి మన దేశంతో సమగ్ర వాణిజ్య ఒప్పందం అమల్లో ఉంది. దుబాయ్ ఆర్థిక కేంద్రంలో ఇంగ్లీషు పద్ధతి చట్టంతో నడిచే కోర్టులు కూడా పెట్టారు, బయటి వ్యాపారికి నమ్మకం కలగాలంటే ఏం కావాలో ఆ పాలకులకు తెలుసు.

భయం ఒక్కటే, ఇచ్చిన చెయ్యే తీసుకోగలదు. 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. జెబెల్ అలీలో దింపి దోహాకు చిన్న ఓడల్లో పంపే దారి ఒక్క రోజులో మూతపడింది, ఒమన్‌లోని సోహార్, సలాలా మీదుగా తిప్పుకోవాల్సి వచ్చింది. మళ్లీ తెరుచుకున్నది 2021 జనవరిలో. మార్కెట్ కూడా చిన్నది, మన మొత్తం సరుకు మింగే కడుపు దానికి లేదు. కానీ చిన్న మొత్తంతో మొదలుపెట్టి పని నేర్చుకోవడానికి, యూరప్ కొనుగోలుదారుణ్ణి కలుసుకోవడానికి దుబాయ్‌ని మించింది లేదు.

ఒక పాలకుడి అనుమతి మీద నిలబడే వ్యాపారం మన నేలకు కొత్త కాదు. 17వ శతాబ్దంలో పాలకొల్లులో డచ్చివాళ్లు, నరసాపురం పక్క మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్లు గుడ్డలు కొన్నది గోల్కొండ సుల్తాన్ ఇచ్చిన ఫర్మానాల మీదే. 1687లో గోల్కొండ కూలింది, కొత్త ఏలికల దగ్గర మళ్లీ మొదటి నుంచి విన్నపాలు పెట్టుకున్నారు.

ఇంతవరకు బయటికి వెళ్లే మనవాళ్ల కళ్లతో చూశాం. మన దగ్గరకు వచ్చిన విదేశీ కంపెనీలకు మన రాజకీయం ఎలా తగిలిందో కూడా చూడాలి, ఎందుకంటే ఎన్నికలు, కోర్టులు, రాష్ట్రాలు అన్నీ ఉన్న వ్యవస్థ లోపల్నుంచి ఎలా ఉంటుందో దగ్గరగా తెలిసేది ఇక్కడే. ఎస్.యానాం తీరంలో రవ్వ చమురు క్షేత్రం ఉంది. ఓఎన్‌జీసీ 1987లో కనిపెట్టింది, 1994 అక్టోబర్‌లో ఆస్ట్రేలియా కంపెనీ కమాండ్ పెట్రోలియం తదితరులతో ఉత్పత్తి పంపకం ఒప్పందం కుదిరింది, 1996లో ఆ కమాండ్‌ను బ్రిటన్‌కు చెందిన కెయిర్న్ కొనుక్కుంది. ఆ తరువాత ఢిల్లీలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో లెక్కపెట్టుకోండి. ఖర్చుల లెక్క మీద తగాదాలు వచ్చాయి, మధ్యవర్తి దగ్గరకు, సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, కానీ ఒప్పందాన్ని ఎవరూ చింపలేదు, చమురు ఆగలేదు. ఇది మన వ్యవస్థలో మంచి.

అదే కెయిర్న్‌కు రెండో అనుభవం వేరు. 2012లో పాత లావాదేవీలకు కూడా పన్ను వెయ్యొచ్చని మన పార్లమెంటు చట్టం చేసింది, 1962 దాకా వెనక్కి వర్తించేలా. కెయిర్న్ 2006లో చేసుకున్న అంతర్గత సర్దుబాటు మీద 10,247 కోట్ల రూపాయల పన్ను అడిగారు, షేర్లు జప్తు చేశారు. 2020 డిసెంబర్‌లో అంతర్జాతీయ మధ్యవర్తులు కంపెనీ పక్షాన 120 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చారు. 2021 జులైలో ప్యారిస్‌లోని మన ప్రభుత్వ ఆస్తులను ఆ కంపెనీ కోర్టు ద్వారా స్తంభింపజేసింది. ఆగస్టులో మనమే చట్టం వెనక్కి తీసుకున్నాం, 2022 ఫిబ్రవరికి 7,900 కోట్లు తిరిగి ఇచ్చాం. ఎనిమిదేళ్ల కథ. డబ్బు చేతికొచ్చింది నిజమే, పెద్ద కంపెనీ కాబట్టి అంతకాలం తట్టుకుంది. ఒక కంటైనర్ ఆగితే జీతాలు ఆగే మనలాంటి కంపెనీ ఎనిమిదేళ్లు ఆగగలదా?

రాష్ట్రం దగ్గరకొస్తే 2019 గుర్తుకురావాలి. మేలో ప్రభుత్వం మారింది. జులైలో పవన, సౌర విద్యుత్ ఒప్పందాల రేట్లు తిరిగి మాట్లాడాలని కమిటీ వేశారు, విదేశీ పెట్టుబడులు కూడా ఉన్న రంగం కావడంతో జపాన్ రాయబారి ఆందోళన తెలుపుతూ లేఖ రాశారు. ఆ ఏడాది చివరికి విశాఖలో లులూ గ్రూపుకు ఇచ్చిన భూమి రద్దయింది, అమరావతి స్టార్టప్ ఏరియా నుంచి సింగపూర్ కన్సార్టియం బయటకు వెళ్లింది. కొత్త ప్రభుత్వానికి దాని వాదన దానికుంది, ఎక్కువ రేటుకు కొన్నారని, భూమి చవగ్గా ఇచ్చారని. ప్రజలు ఓటేసి మార్చిన ప్రభుత్వానికి పాత లెక్కలు చూసే హక్కు లేదని నేననను. కానీ సంతకం చేసింది పార్టీ కాదు, రాష్ట్రం. హైకోర్టు 2022 మార్చి 15న విద్యుత్ ఒప్పందాల రేట్లే చెల్లుతాయని, బకాయిలు కట్టమని చెప్పింది. అదే రాష్ట్రంలో, 2019లోనే కియా కార్ల ఫ్యాక్టరీ పెనుకొండ దగ్గర సవ్యంగా మొదలైంది, 2017లో ఒక ప్రభుత్వంతో సంతకం చేసి 2019 డిసెంబర్‌లో ఇంకో ముఖ్యమంత్రి చేత ప్రారంభం చేయించుకుంది. గోడలు లేచి, ఉద్యోగాలు కనిపించిన పెట్టుబడిని ఏ పార్టీ అయినా కాపాడుకుంటుంది, కాగితం దశలో ఉన్నది మాత్రం ఎన్నికల్లో కొట్టుకుపోతుంది. ఇది మనం బయటి దేశాలకు వెళ్లినప్పుడూ పనికొచ్చే విషయమే. వియత్నాంలోనో కెన్యాలోనో ఏదైనా పెట్టబోతుంటే అక్కడి ఎన్నికలకో, పార్టీ మహాసభలకో ఎన్ని నెలలుందో చూసుకుని మొదలుపెట్టండి.

మరి ఏది మేలు? అడిగేవాడి పరిమాణాన్ని బట్టి చెప్తాను.

ఒకటి రెండు ప్లాంట్లున్న కంపెనీకి నా ఓటు యూరప్‌కే. మొదటి రెండేళ్లు లాభం కనిపించదు, కాగితాలకే డబ్బు పోతుంది, అయినా పునాది అక్కడ వేసుకోండి. యూరప్ పరీక్ష దాటిన చెరువు సరుకు జపాన్‌కూ బ్రిటన్‌కూ కూడా పనికొస్తుంది, మీ కష్టం ఒక దేశపు రాజకీయానికి కట్టుబడి ఉండదు. అమెరికా రెండోది. వదలొద్దు, అంత కొనుగోలు శక్తి ఇంకెక్కడా లేదు, కోర్టులున్నాయి, తేదీలున్నాయి. కానీ మీ ఏడాది సరుకులో సగానికి మించి అటు పోనివ్వకండి, ఒప్పందంలో "ఓడెక్కాక సుంకం మారితే ఎవరు భరించాలి" అన్న వాక్యం లేకుండా సంతకం పెట్టకండి. చాలామంది 2025లో ఈ వాక్యం కోసమే పాత మెయిళ్లు వెతుక్కున్నారు.

ప్లాంటు లేకుండా వేరేవాళ్ల దగ్గర ప్యాక్ చేయించి పంపేవాళ్లు, కోకోపీట్, నరసాపురం లేసు, పచ్చళ్ల లాంటి చిన్న సరుకుతో మొదలుపెట్టే కుర్రాళ్లు దుబాయ్‌తో మొదలుపెట్టండి. ఫ్రీజోన్ లైసెన్సు ఏటా కట్టాల్సిన ఖర్చు, అది లెక్కలో వేసుకోండి.

చైనా అయితే ముందు డబ్బు, తరువాత సరుకు. అడ్వాన్సు గానీ మంచి బ్యాంకు ఎల్‌సీ (కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) గానీ లేకుండా ఒక్క కంటైనర్ కదలనివ్వొద్దు. చైనా కోసమని ప్రత్యేకంగా కొత్త లైను, కొత్త కోల్డ్ స్టోరేజీ అప్పు చేసి కట్టొద్దు. అమెరికాకో యూరప్‌కో పెట్టుకున్న ప్లాంటులో మిగిలే సామర్థ్యంతో చేసుకుంటే అక్కడ మంచి రోజుల లాభం మీకు దక్కుతుంది, తలుపు పడిన రోజున ప్లాంటు మునగదు. ఏ దేశానికి పంపుతున్నా ఈసీజీసీ (ఎగుమతులకు బీమా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పాలసీ తీసుకోండి. అవతలి కొనుగోలుదారు ఎగ్గొడితేనే కాదు, ఆ దేశ ప్రభుత్వం దిగుమతి ఆపేసినా, డబ్బు బయటకు పోకుండా అడ్డుకున్నా కొంతవరకు కవరేజీ ఉంటుంది. దేశాలను ఏ1 నుంచి డి దాకా ఏడు తరగతులుగా వాళ్లే విడగొట్టి పెడతారు, ఆర్డర్ ఒప్పుకునే ముందు ఆ జాబితాలో మీ దేశం ఎక్కడుందో, నిరుటి కంటే కిందకు దిగిందేమో చూడటానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.